ఆరో తరగతికి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలా, ప్రైవేటు పాఠశాలా? కట్టే ఫీజుకు తగిన చదువు వస్తుందా?

పల్నాడు తండ్రి:

సభ్యులందరికీ నమస్కారం. మేము నరసరావుపేటకు దగ్గరలోని ఒక పెద్ద గ్రామంలో ఉంటున్నాము. నేను విత్తనాలు, పురుగుమందుల దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. నా భార్య ఇంటి దగ్గరే కుట్టుపని చేస్తుంది. మా అమ్మాయి ఊళ్లోని మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి చదువుతోంది. అబ్బాయి ప్రైవేటు పాఠశాలలో యూకేజీ చదువుతున్నాడు, వచ్చే జూన్‌లో ఒకటో తరగతికి వస్తాడు. అమ్మాయిని ఆరో తరగతికి ఎక్కడ చేర్చాలన్నది కొంతకాలంగా మా ఇంట్లో తేలని విషయంగా మిగిలిపోయింది.

ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉంది. ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం పనుల తరువాత తరగతి గదులు, తాగునీరు, ప్రహరీ గోడ అన్నీ బాగుపడ్డాయి. అయినా మా వీధిలో కాస్త సంపాదన ఉన్న వాళ్లెవరూ పిల్లలను అక్కడికి పంపడం లేదు. పట్టణంలోని ప్రైవేటు పాఠశాల వారు ఆరో తరగతికి 42,000 రూపాయల ఫీజు, బస్సుకు 13,000, పుస్తకాలకు 8,000, యూనిఫాం, బూట్లకు 5,000 చెప్పారు. మొత్తం 68,000 అవుతుంది. రాష్ట్ర ప్రభుత్వ తల్లికి వందనం పథకం కింద వచ్చే 13,000 తీసివేస్తే 55,000 మా మీద పడుతుంది. అబ్బాయిని కూడా అక్కడే చేరిస్తే ఇద్దరికీ కలిపి లక్ష దాటుతుంది. ఇల్లు గడిచాక మా ఇద్దరి సంపాదనలో ఏడాదికి మిగిలేది లక్షన్నరకు మించదు.

ఇంగ్లీషు రాకపోతే పిల్ల రేపు ఇంజనీరింగ్‌లో వెనకబడుతుందని, ఆ తరువాత ఎంత ఖర్చు పెట్టినా ఆ లోటు తీరదని నా భార్య భయపడుతోంది. ఆ భయం తీసిపారేయదగినది కాదు. అయితే ఇప్పుడే ఉన్నదంతా ఫీజులకు పోస్తే ఇంటర్మీడియట్ నాటికి చేతిలో ఏమీ మిగలదన్నది నా ఆందోళన. ఈ రెండు రకాల పాఠశాలలనూ దగ్గరగా చూసిన వారు తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

లెక్కల మాస్టారు, బాపట్ల జిల్లా:

నమస్కారమండీ. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంట్‌ను. నా మాటల్లో సొంత బడి మీద అభిమానం కొంత ఉంటుందని మనసులో ఉంచుకొనే చదవండి.

ముందుగా మీ లెక్కలో ఒక సవరణ చేయాలి. తల్లికి వందనం సొమ్ము పిల్ల ప్రభుత్వ పాఠశాలలో చదివినా వస్తుంది, గుర్తింపు ఉన్న ప్రైవేటు పాఠశాలలో చదివినా వస్తుంది. కాబట్టి దానిని ప్రైవేటు ఫీజులో నుంచి మాత్రమే తీసివేయడం సరికాదు. ప్రభుత్వ పాఠశాలలో పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, మధ్యాహ్న భోజనం ఉచితం కనుక ఆ 13,000 దాదాపు పూర్తిగా మీ దగ్గరే ఉంటుంది. రెండు బడుల మధ్య అసలు తేడా 55,000 కాదు, 68,000.

ఇక చదువు విషయం. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలను, ఉన్నత పాఠశాలను ఒకే గాటన కట్టకూడదు. ప్రాథమిక పాఠశాలల్లో చాలాచోట్ల ఒకరిద్దరు ఎస్జీటీలే (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులు) ఐదు తరగతులనూ నెట్టుకొస్తున్నారు. అక్కడ తల్లిదండ్రుల అసంతృప్తికి న్యాయమైన కారణం ఉంది. ఉన్నత పాఠశాలలో పరిస్థితి వేరు. ఒక్కో సబ్జెక్టుకు ఆ సబ్జెక్టులో డిగ్రీ, బీఈడీ చేసి ఉపాధ్యాయ నియామక పరీక్ష అయిన డీఎస్సీలో నెగ్గి వచ్చిన ఉపాధ్యాయుడు ఉంటాడు. అయితే ఆ పోస్టు భర్తీ అయి ఉండాలి. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ జరిగి చాలా ఖాళీలు నిండాయి కానీ, బదిలీలు, పదవీ విరమణల వల్ల ఎక్కడ ఏ ఖాళీ ఉందో బడి బడికీ మారుతుంది. మీరు ప్రధానోపాధ్యాయుల వద్దకు వెళ్లి గణితం, భౌతికశాస్త్రం, ఇంగ్లీషు పోస్టుల్లో ఎవరున్నారు, ఎప్పటి నుంచి ఉన్నారు అని అడగండి. అడగడానికి మొహమాటపడనవసరం లేదు. అది తల్లిదండ్రుల హక్కు.

తరువాత ఆరో తరగతి పిల్లల లెక్కల నోటు పుస్తకాలు నాలుగైదు అడిగి తీసుకొని చూడండి. భిన్నాల కూడిక ఉన్న పేజీ తెరవండి. మూడు బై నాలుగుకు ఒకటి బై ఆరు కలపమంటే, పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపి నాలుగు బై పది అని రాసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. పిల్ల అలా రాయడం బడి లోపం కాదు. ఆ పేజీలో ఎర్ర సిరాతో గుర్తు ఉందా, దాని కింద పిల్ల మళ్లీ క.సా.గు. తీసి పదకొండు బై పన్నెండు అని సరిచేసిందా అన్నది చూడాలి. అన్ని పుస్తకాల్లోనూ ఒకే పొందికతో, ఒక్క తప్పూ లేకుండా లెక్కలుంటే అవి బోర్డు మీద నుంచి ఎక్కించుకున్నవని అర్థం. ఈ పరీక్ష ప్రభుత్వ బడికీ, ప్రైవేటు బడికీ సమానంగా పనికొస్తుంది.

మా బడుల లోపం కూడా చెప్పాలి. ఆరో తరగతికి వచ్చే పిల్లల్లో తెలుగు సైతం తడబడకుండా చదవలేని వారు గణనీయంగా ఉంటారు. ఉపాధ్యాయుని సమయంలో ఎక్కువ భాగం వారికే పోతుంది, పోవాలి కూడా. అందువల్ల బాగా చదివే పిల్లకు ఆ పైన అందవలసినది ఒక్కోసారి అందదు. ఇంటి వద్ద మీరు పూరించవలసిన లోటు అదే.

మరో రెండు విషయాలు చాలామందికి తెలియవు. కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఎంఎంఎస్ ఉపకార వేతనానికి ఎనిమిదో తరగతిలో పరీక్ష జరుగుతుంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల పిల్లలు మాత్రమే అర్హులు. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు మించకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏడాదికి 12,000 చొప్పున వస్తుంది. రెండోది, నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలలో పదో తరగతి మార్కుల ఆధారంగా సీట్లు ఇచ్చేటప్పుడు ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు అదనంగా మార్కులు కలుపుతారు. మీ అమ్మాయి బాగా చదివేదైతే ఆ కాస్త తేడాతో సీటు వచ్చే అవకాశం ఉంటుంది.

గుంటూరు తల్లి:

మాస్టారు గారు చెప్పినవి విలువైన విషయాలు. నేను రెండో వైపు నుంచి మాట్లాడతాను. మా పాప ప్రైవేటు పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతోంది, ఆ ఫీజు మాకు వృథా అనిపించలేదు.

మా ఇంటికి దగ్గరలోని ప్రభుత్వ పాఠశాలలో మేము విచారించినప్పుడు ఇంగ్లీషు, గణితం రెండు పోస్టులూ ఖాళీగా ఉన్నాయి. ఎప్పుడు నిండుతాయని అడిగితే ఎవరూ స్పష్టంగా చెప్పలేకపోయారు. పిల్ల బాల్యం పోస్టు నిండే దాకా ఆగదు కదా. మేమిద్దరమూ ఉద్యోగాల నుంచి ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతుంది. కాబట్టి సాయంత్రం హోంవర్కు చేయించి పంపే బడి మాకు అవసరమైంది. ఇంటి వద్ద చదివించడానికి తీరిక, చదువు ఉన్న తల్లిదండ్రులకు ప్రభుత్వ బడి సరిపోతుందని చెప్పడం సులభం. ఆ తీరిక లేని ఇళ్లే ఎక్కువ, ప్రైవేటు ఫీజులో కొంత భాగం ఆ తీరికకు కట్టే వెల.

అయితే మేము పెద్ద పేరున్న బడిని ఎంచుకోలేదు. ప్రిన్సిపాల్ గారే రోజూ రెండు పీరియడ్లు పాఠం చెప్పే చిన్న బడిని ఎంచుకున్నాము. తరగతిలో ముప్పై మంది లోపే ఉంటారు. పాప వరుసగా రెండు సైన్సు పరీక్షల్లో వెనకబడితే వాళ్లే మమ్మల్ని పిలిచి, ఏ పాఠం దగ్గర ఆగిపోయిందో చూపించారు. బస్సులు, ఏసీ గదులు, డిజిటల్ బోర్డులు చూసి ఫీజు కట్టవద్దు. మీ పిల్ల ఎక్కడ ఆగిపోయిందో చెప్పగలిగిన మనిషి అక్కడ ఉన్నారా అని చూడండి.

మీ భార్యకు ఒక మాట చెప్పండన్నా. ఏ బడికి వెళ్లినా మధ్యాహ్న భోజనం వేళ తరువాత ఆడపిల్లల మరుగుదొడ్లు ఆమెను స్వయంగా చూసి రమ్మనండి. పొద్దున శుభ్రంగా ఉండటం ఒక ఎత్తు, రెండు గంటలకు నీళ్లు రావడం ఒక ఎత్తు. వచ్చే రెండు మూడేళ్లలో మీ అమ్మాయి పెద్దదవుతుంది. నీళ్లు సరిగా లేని బడిలో ఆడపిల్లలు రోజంతా మంచినీళ్లు తాగకుండా ఉండిపోతారు, నెలకు మూడు రోజులు మానేస్తారు. దీని గురించి మగవాళ్లు అడగరు, బడివాళ్లు చెప్పరు.

విజయవాడ నుంచి ఒక మాజీ టీచరు:

నేను కొన్నేళ్లు రెండు ప్రైవేటు పాఠశాలల్లో ఉన్నత తరగతులకు ఇంగ్లీషు బోధించి మానేశాను. ఫీజు కట్టే తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని చెబుతాను.

నేను పనిచేసిన చోట్ల ఏటా వేసవి రాగానే సగం మంది ఉపాధ్యాయులు మారిపోయేవారు. జీతం తక్కువ, పీరియడ్లు ఎక్కువ, ఆపైన అడ్మిషన్ల కోసం ఎండలో ఇంటింటికీ తిరగాలి. అందుకే నిలకడగా ఎవరూ ఉండేవారు కాదు. పిల్లను అర్థం చేసుకోవడానికే టీచరుకు ఒక ఏడాది పడుతుంది, అంతలో ఆమె వెళ్లిపోతుంది. కాబట్టి ఆ పాఠశాల వారిని ఒక్క ప్రశ్న అడగండి: ఇక్కడ మూడేళ్లు దాటి పనిచేస్తున్న సబ్జెక్టు టీచర్లు ఎందరు? సమాధానం తడుముకోకుండా వస్తే మంచి బడి అయి ఉండవచ్చు.

ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అని చెబితే ఆ పుస్తకాలు తెప్పించుకొని చూడండి. నేను చూసినంతవరకు, పాఠ్యపుస్తకంలోని పాఠం పూర్తిగా అర్థం కాకముందే దాని మీద పై తరగతుల లెక్కలు రుద్దుతారు. పది మంది పిల్లలకు అది ఉపయోగపడుతుంది. వాళ్లను మొదటి సెక్షన్‌లో పెట్టి మంచి టీచర్లను వాళ్లకు ఇస్తారు. మిగతా సెక్షన్ల పిల్లలు అదే ఫీజు కట్టి మరో రకం చదువు చదువుతారు. మీ అమ్మాయిని ఏ సెక్షన్‌లో వేస్తారో, ఏ ప్రాతిపదికన వేస్తారో చేర్చకముందే అడగండి.

డబ్బు లెక్క ఒక ఏడాదికి కాదు, ఐదేళ్లకు వేయాలి. ఏటా పది శాతం పెరిగినా ఇప్పటి 68,000 ఖర్చు పదో తరగతి ముగిసేసరికి మొత్తం నాలుగు లక్షల పదిహేను వేల దాకా చేరుతుంది. పెంపుకు ప్రభుత్వం అడ్డుకట్ట వేస్తుందన్న భరోసా పెట్టుకోవద్దు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు పాఠశాలల ఫీజులకు పరిమితులు విధిస్తూ జీవోలు ఇస్తే హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఏటా ఎంత పెంచుతారో రాతపూర్వకంగా ఇవ్వమని అడిగితే చాలామంది ఇవ్వరు, అయినా అడగడం మంచిది.

చివరగా గుర్తింపు సంగతి. బోర్డు మీద పదో తరగతి వరకు అని రాసి ఉన్నా, గుర్తింపు ఏడో తరగతి వరకే ఉన్న బడులు ఉంటాయి. అటువంటి చోట పదో తరగతి పిల్లల పేర్లను మరో బడి నుంచి పరీక్షకు పంపుతారు. గుర్తింపు ఏ తరగతి వరకు ఉందో, ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే యూడైస్ నంబరు ఎంతో అడిగి తీసుకోండి. ఆ నంబరుతో యూడైస్ ప్లస్ వెబ్‌సైటులో చూస్తే ఆ బడిలో ఎందరు పిల్లలు, ఎందరు ఉపాధ్యాయులు ఉన్నారో తెలుస్తుంది. ప్రభుత్వ బడికి కూడా ఇదే విధంగా చూడవచ్చు.

పరిశోధక విద్యార్థి, హైదరాబాదు:

ఈ ప్రశ్నకు మన రాష్ట్రంలోనే జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఉంది కాబట్టి దానిని ప్రస్తావించడం అవసరం. 2008లో మొదలుపెట్టి నాలుగేళ్ల పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో, 180 గ్రామాల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దీనిని జరిపారు. 2015లో ఫలితాలు ప్రచురితమయ్యాయి. ప్రైవేటు బడిలో చేరాలనుకున్న ప్రభుత్వ బడి పిల్లల నుంచి దరఖాస్తులు తీసుకొని, లాటరీలో పేరు వచ్చిన వారికి ప్రైవేటు బడి ఫీజు చెల్లించారు. లాటరీ వల్ల రెండు వైపుల కుటుంబాలూ ఒకే రకమైనవిగా ఉన్నాయి. మామూలుగా ప్రైవేటు బడుల మార్కులు ఎక్కువగా కనిపించడానికి అక్కడికి వెళ్లే పిల్లల ఇళ్లలో చదువు, డబ్బు ఎక్కువగా ఉండటం ఒక ముఖ్య కారణం. ఈ పద్ధతి ఆ తేడాను తొలగించింది.

నాలుగేళ్ల తరువాత తెలుగు, గణితం పరీక్షల్లో రెండు వర్గాల పిల్లల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు బడుల పిల్లలు స్పష్టంగా ముందున్నారు. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో హిందీ అప్పట్లో చెప్పేవారే కాదు. ప్రైవేటు బడులు తెలుగు, గణితాలకు తక్కువ సమయం కేటాయించి కూడా ఆ ఫలితం సాధించాయని, ఒక్కో విద్యార్థి మీద ప్రభుత్వం పెట్టే ఖర్చులో మూడో వంతు కూడా వాటికి కాలేదని పరిశోధకులు గుర్తుచేశారు. ప్రభుత్వ ఖజానా దృష్టితో చూస్తే అది ప్రైవేటు బడులకు అనుకూలమైన విషయమే. కానీ మీ ఇంటి దృష్టితో చూస్తే, ప్రభుత్వ బడి ఖర్చు మీ జేబులో నుంచి పోదు, ప్రైవేటు ఫీజు పోతుంది. ఈ అధ్యయనం గ్రామాల్లోని ప్రాథమిక తరగతులకు సంబంధించినదని, పట్టణంలోని ఉన్నత తరగతులకు దానిని ఉన్నదున్నట్లుగా వర్తింపజేయలేమని కూడా గమనించాలి.

మీ అబ్బాయి విషయంలో ఒక అవకాశం ఉంది. విద్యాహక్కు చట్టంలోని సెక్షన్ 12(1)(సి) ప్రకారం ప్రైవేటు పాఠశాలలు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లను బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. 2009లో చేసిన ఈ చట్టం 2010 నుంచి అమలులోకి వచ్చినా, ఆంధ్రప్రదేశ్‌లో ఈ నిబంధన కింద ప్రవేశాలు ఆలస్యంగా మొదలయ్యాయి. ఇక్కడ ఈ సీట్లు ఒకటో తరగతిలో ఇస్తున్నారు, దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేయాలి, ఇంటికి బడికి మధ్య దూరం చూస్తారు. ప్రకటన ఎప్పుడు వస్తుందో గ్రామ సచివాలయంలో ఇప్పటి నుంచే కనుక్కుంటూ ఉండండి. ఆరో తరగతి ప్రవేశ తరగతి కాదు కనుక అమ్మాయికి ఇది వర్తించదు. అమ్మాయి కోసం నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష, ప్రభుత్వ ఆదర్శ పాఠశాలల (మోడల్ స్కూళ్ల) ప్రవేశ ప్రకటన గమనించండి. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులవి.

పల్నాడు తండ్రి:

ఇంత శ్రద్ధగా సమాధానం చెప్పిన అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే మేమిద్దరమూ రెండు పాఠశాలలకూ వెళ్లి చూసి వచ్చాము.

జిల్లా పరిషత్ పాఠశాలలో గణితం, భౌతికశాస్త్రం, ఇంగ్లీషు పోస్టుల్లో ఉపాధ్యాయులు ఉన్నారు. ఇంగ్లీషు మేడమ్ కొత్తగా డీఎస్సీలో వచ్చారు. హిందీ పోస్టు ఖాళీగా ఉంది. గణితం నోటు పుస్తకాల్లో ఎర్ర సిరా గుర్తులు కనిపించాయి, వాటి కింద సరిచేసిన లెక్కలూ ఉన్నాయి. నా భార్య మధ్యాహ్నం మళ్లీ వెళ్లి చూసింది. నీళ్లు వస్తున్నాయి కానీ రెండు తలుపులకు గడియలు లేవు. ఆమె అక్కడికక్కడే ప్రధానోపాధ్యాయుల గారికి చెప్పింది, వేయిస్తామన్నారు. ప్రైవేటు పాఠశాలలో మమ్మల్ని ఆఫీసు గది దాటి లోపలికి వెళ్లనివ్వలేదు. మూడేళ్లు దాటిన టీచర్లు ఎందరని అడిగితే, మా దగ్గర అందరూ అనుభవం ఉన్నవారే అని చెప్పి ఆపేశారు. నోటు పుస్తకాలు చూపించడానికి అనుమతి లేదన్నారు.

గడియలు వేయిస్తే అమ్మాయిని ఊళ్లోని బడిలో చేర్చడానికి నా భార్య ఒప్పుకుంది. మిగిలే సొమ్ములో నెలకు కొంత చొప్పున పోస్టాఫీసులో అమ్మాయి పేర ఆర్డీ కట్టాలని ఆమే చెప్పింది. అబ్బాయికి 25 శాతం సీట్ల కింద దరఖాస్తు చేస్తాము, రాకపోతే ఒకటో తరగతికి ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలో ఎందరు టీచర్లు ఉంటారో చూసి నిర్ణయించుకుంటాము. ఇంగ్లీషు గురించి మాత్రం ఆమె భయం ఇంకా పోలేదు. ఇంట్లో మా ఇద్దరికీ ఆ భాష అంతగా రాదు. ఏమి చేయాలో మాస్టారు గారు చెప్పగలరా?

లెక్కల మాస్టారు, బాపట్ల జిల్లా:

చాలా సంతోషమండీ. మీకు ఇంగ్లీషు రానవసరం లేదు. ఇప్పుడు ఇస్తున్న పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదుటి పేజీ తెలుగులో ఉంటుంది. రోజూ రాత్రి అమ్మాయి సైన్సు పుస్తకంలోని ఒక పేరా ఇంగ్లీషులో పైకి చదవాలి, తరువాత ఎదుటి పేజీ చూడకుండా దాని భావం తెలుగులో మీకు చెప్పాలి. తెలుగు పేజీ మీ చేతిలో ఉంటుంది కాబట్టి సరిగా చెప్పిందో లేదో మీరు పట్టుకోగలరు. ఒక నెల ఇలా జరిగాక వరుస తిప్పండి. తెలుగు వాక్యం మీరు చదివితే ఇంగ్లీషులో ఆమె చెప్పాలి. మొదట్లో రెండు మూడు మాటలకే ఆగిపోతుంది, విసుక్కోకండి.

ఇంగ్లీషు మేడమ్ కొత్తగా వచ్చారన్నారు కదా. బడి తెరిచిన మొదటి వారంలోనే మీరిద్దరూ ఆమెను కలిసి, మా పిల్ల చేత తరగతిలో పైకి చదివించండి అని అడగండి. తల్లిదండ్రులు వచ్చి అడిగిన పిల్ల పేరు ఏ టీచరుకైనా గుర్తుంటుంది. హిందీ పోస్టు గురించి పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో తీర్మానం చేయించి మండల విద్యాశాఖాధికారికి పంపించండి. వీలైతే ఆ కమిటీలో సభ్యురాలిగా ఉండటానికి మీ భార్యను ముందుకు రమ్మనండి. గడియల సంగతి పట్టించుకున్న మనిషి అక్కడ ఉండాలి.